దోన్ సెవేరోను తెల్లవారేలోపు చంపవలెను

మెదెయీన్, సెప్టెంబరు 2

శబ్దాల మేస్త్రీ దోన్ ఎలియేసెర్ బెదోయా గారి సముఖానికి,

మీ పాత సహోద్యోగిని నొయెమీ అర్బెలాయెస్ రాస్తున్నది. ఇక్కడ నేనూ నా మోకాళ్ళూ క్షేమం. మీరూ క్షేమమేనని మీ మేనకోడలు అంపారో చెబితే తెలిసింది. ఆదివారం నేను ఫోను చేసి, మన రేడియో స్టేషన్ గేటు దగ్గర కాఫీ అమ్మిన బెర్తీల్దా పోయిందని చెప్పాను. మీరు "అలాగా, చాలా సంతోషం, మీకూ అలాగే జరగాలి" అని ఫోను పెట్టేశారు. అందుకే ఇక ఉత్తరం రాసి, మీ ఊరు హెరికో వచ్చే బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను.

అసలు కబురు ఏమిటంటే నాకు ఉద్యోగం వచ్చింది. నవ్వకండి. మా అక్క మనవరాలు యులియానా పనిచేసే సాఫ్ట్‌వేర్ కంపెనీలో. ఎవరు ఏ పని ఎప్పటికి చెయ్యాలో రాసుకునే సరుకు ఒకటి వాళ్ళు తయారుచేశారు. దాని పేరు "రేపటికి". పనులు సమయానికి చేయించేదానికి ఆ పేరు పెట్టిన పిల్లలు ఎలాంటివాళ్ళో మీరే ఊహించుకోండి. ఇప్పుడు అందులో ఏజెంటు అని ఒకణ్ణి పెట్టారు. మనిషి కాదు, మన మాటలు విని తనే పనులు చక్కబెట్టే యంత్రం. దాని దగ్గర కొన్ని పనిముట్లుంటాయి. పని రాసుకునేది, ఎవరికైనా అప్పగించేది, గుర్తుచేసేది, చెరిపేసేది, ఇలాగ. ఒక్కొక్క పనిముట్టుకూ నాలుగు ముక్కల్లో వివరణ ఉంటుంది. ఏది ఎప్పుడు చేతిలోకి తియ్యాలో ఆ నాలుగు ముక్కలు చదివే అది తేల్చుకుంటుంది. చెరిపేసేదానికి పిల్లలు రాసిన వివరణ, "ఉన్నదాన్ని తీసేస్తుంది." అంతే. ఒక పూలకొట్టావిడ పనివాళ్ళతో "ఇక్కడున్నవన్నీ తీసెయ్యండర్రా" అందిట. మాతృదినోత్సవం ఆర్డర్లు ఒక్కటి మిగలకుండా పోయాయి.

అప్పుడు యులియానాకు రేడియో నాటకాలు రాసిన ముసలిది ఒకతె ఇంట్లో ఉందని గుర్తొచ్చింది.

నా మొదటి స్క్రిప్టు మీకు గుర్తుందా? "శబ్దం: తలుపు" అని రాసి ఇచ్చాను. మీరు అందరి ముందూ "ఏ తలుపమ్మా? ఎవరు వేశారు? కోపంగా వేశారా, పిల్లాడు నిద్రపోతున్నాడని మెల్లగా వేశారా? మళ్ళీ తెరుచుకుంటుందా?" అని అడిగారు. ఇంటికి వెళ్ళి ఏడ్చాను. ఇప్పుడు అవే ప్రశ్నలు ఈ పిల్లల్ని నేను అడుగుతున్నాను. వీళ్ళు ఏడవరు. కాఫీ తెచ్చిస్తారు.

మన "చీకటికొండ వారసురాలు" నాటకాన్ని మీ ఊళ్ళో జనం ముందు ఆడిస్తున్నారట కదా, పాత రేడియోలోలాగే మైకులు పెట్టి, పక్కన మీ శబ్దాలతో. అంపారో ఫోనులో మా "రేపటికి" పెట్టించాను. రిహార్సల్లో ఆ ఫోను బల్ల మీద పెట్టండి. ఎవరు ఏం తెస్తామన్నారో విని అదే రాసుకుంటుంది.

మీ పాత తగవులమారి,
నొయెమీ

తా.క. ఆఫీసులో నాకు చక్రాల కుర్చీ ఇచ్చారు. మొదటిరోజు కాఫీ కప్పుతో సహా జారుకుంటూ పక్క గదిలోకి వెళ్ళిపోయాను. తనిఖీకి వచ్చాననుకుని అక్కడివాళ్ళు వాళ్ళ తప్పులన్నీ చెప్పేశారు.

హెరికో, సెప్టెంబరు 10

రచయిత్రి గారికి ఎలియేసెర్ నమస్కారాలు.

మీ యంత్రం అందింది. అందకపోయినా బాగుండేది.

సోమవారం పాత సినిమా హాల్లో రిహార్సల్ చేశాం. కెప్టెన్ వేషం మందులషాపు ఒక్తావియోది. వారసురాలు లియొనోర్ వేషం బేకరీ రోసాల్బాది. దుర్మార్గుడు సెవేరో వేషం కసాయి ఉంబెర్తోది. మీరు చెప్పినట్టే ఫోను బల్ల మీద పెట్టాం. మూడో అంకం దాకా చదివి, ఇళ్ళకు పోయి పడుకున్నాం.

పొద్దున్నే నాటకం కమిటీలో ఉన్న అందరి ఫోన్లూ మోగాయట. ఒక్తావియోకు "దోన్ సెవేరోను తెల్లవారేలోపు చంపవలెను" అని వచ్చింది. రోసాల్బాకు "తండ్రి కాదన్నా సరే, కెప్టెన్‌తో పనామాకు పారిపోవలెను." ఉంబెర్తోకు "బంగళా తగలబెట్టవలెను, లోపల ఎవరున్నా ఆగరాదు." కమిటీలో ఫాదర్ మరులాందా కూడా ఉన్నారు. ఆయన పూజ మధ్యలో ఆపి మందులషాపుకు పరిగెత్తారు.

ఇంతవరకైతే నవ్వుకునేవాళ్ళం. కానీ మా ఊళ్ళో నిజంగానే ఒక దోన్ సెవేరో ఉన్నాడు, రిటైరైన సర్వేయరు. అంపారో ఫోనులో ఆయన నంబరుంది. మీ యంత్రం మర్యాదగా ఆయనకూ కబురు పెట్టింది: "మిమ్మల్ని చంపే పని ఒక్తావియో గారికి అప్పగించబడినది." ఆయనకు బీపీ. మాత్రలు అమ్మేది ఒక్తావియో ఒక్కడే. ఇప్పుడు ఆయన షాపు ముందు నిలబడి, "ముందు నువ్వు ఒకటి మింగి చూపించు, తర్వాత నాకివ్వు" అంటున్నాడు.

ఇట్లు,
మీ వివరణల బాధితుడు ఎలియేసెర్

తా.క. తెల్లవారాక ఒక్తావియోకు ఇంకొకటి వచ్చిందట: "గడువు దాటిపోయింది. చంపడం వచ్చే వారానికి వాయిదా వెయ్యమంటారా?"

మెదెయీన్, సెప్టెంబరు 17

బాధితులు ఎలియేసెర్ గారికి,

మీ ఉత్తరం ఆఫీసులో చదివి వినిపించాను. ఒక పిల్లాడు నవ్వి నవ్వి బల్లకిందకి పోయాడు. ఆ వివరణ రాసింది వాడే: "ఎవరైనా ఏదైనా చేస్తామంటే పనిగా రాసుకో." నేను దాన్ని కొట్టేసి ఇలా రాశాను: "మనిషి తన సొంత మాటగా, నిజంగా చెయ్యబోయే పని చెబితేనే రాసుకో. నాటకంలో అన్నవీ, పాటలో పాడినవీ, ఒట్లూ, కోపంలో విసిరిన మాటలూ రాసుకోకు. పేరు కలిసిందని దారినపోయేవాళ్ళకు కబుర్లు పెట్టకు."

ఆ యంత్రాన్ని చూస్తే నాకు కోపం రాలేదండీ. మన శ్రోతలు గుర్తొచ్చారు. మన లియొనోర్‌కు నెల తప్పిందని రేడియోలో చెప్పిన వారం స్టేషన్‌కు బుట్టెడు ఊలు మేజోళ్ళు వచ్చాయి. కెప్టెన్ ఓడ మునిగినరోజు ముగ్గురు ఆడవాళ్ళు నల్లబట్టలతో వచ్చి గేటు దగ్గర కూర్చున్నారు. కెప్టెన్ వేషగాడు బయటికి వచ్చి, "అమ్మా, నేను బతికే ఉన్నాను, ఇదిగో సిగరెట్టు కాలుస్తున్నాను" అంటే, "నువ్వెవడివిరా మధ్యలో" అని కసిరారు. బెర్తీల్దా వాళ్ళకు కాఫీ పోసి, తనూ ఏడ్చింది. అలా నమ్మేవాళ్ళు మళ్ళీ దొరకరనుకున్నాను.

మంగళవారం మీ పుట్టినరోజని ఫోను చేశాను. "ఇది మందులషాపు కాదు" అని పెట్టేశారు. సూటిగా అడుగుతున్నాను. ఓడ మునిగే సీనులో మీ సముద్రపు హోరును నేను కుదించానని ఇంకా కోపంగా ఉందా? అది డైరెక్టరు చెయ్యమంటే చేశాను.

నొయెమీ

తా.క. దోన్ సెవేరో గారికి కంపెనీ తరఫున క్షమాపణ పంపాం. అది కూడా యంత్రమే పంపింది. విషయం: "మిమ్మల్ని చంపే పని రద్దు. అసౌకర్యానికి చింతిస్తున్నాము."

హెరికో, సెప్టెంబరు 27

నొయెమీ గారికి,

ఒట్లూ కోపాలూ రాసుకోవద్దని యంత్రానికి చెప్పారు. మీరు ఎప్పుడైనా మా ఊరు వచ్చారా? ఇక్కడ ఒట్టు పెట్టకుండా, విసుక్కోకుండా పనికి ఒప్పుకున్న మనిషి ఇంకా పుట్టలేదు.

స్టేజీ మీదకు నాకు నిజం తలుపు ఒకటి కావాలి, చట్రంతో సహా. వడ్రంగి ఎర్నాన్ "మా అమ్మ మీద ఒట్టు, గురువారానికి తెచ్చి పడేస్తాను" అన్నాడు. యంత్రం అది ఒట్టని వదిలేసింది. వాడూ వదిలేశాడు. రోసాల్బా "తెస్తానన్నానుగా తెరలు, నా ప్రాణం తియ్యకండి" అంది. అదీ పోయింది. వారమంతా కలిపి మీ యంత్రం రాసుకున్న పని ఒక్కటే. ఫాదర్ నెమ్మదిగా, సొంత మాటగా "నేను ఇంటికి వెళ్ళి నిమ్మరసం తాగుతాను" అన్నారు. తాగేదాకా ఆయన్ను వదల్లేదు.

దోన్ సెవేరో ఇప్పుడు కాపలాకని రోజూ రిహార్సల్‌కు వచ్చి ముందు వరసలో కూర్చుంటున్నాడు. నాటకంలో తనను ఎలా చంపుతారో చూడాలట. నిన్న లేచి, "అలా పొడిస్తే ఎవడూ చావడు, ఇంకా కోపంగా రా" అని ఒక్తావియోకు నేర్పాడు. బాగానే నేర్పాడు.

నాకు కోపమేమీ లేదు. ఈ కొండల్లో ఫోను లైను బాగుండదు.

ఎలియేసెర్

తా.క. బెర్తీల్దా సంగతి మీ ఉత్తరం చూశాకే తెలిసింది. చర్చిలో కొవ్వొత్తి పెట్టించాను. నేను రాత్రి డ్యూటీకి వచ్చినప్పుడల్లా ఆవిడ నా కప్పులో చక్కెర రెండింతలు వేసేది, అడక్కుండా.

మెదెయీన్, అక్టోబరు 4

దోన్ ఎలియేసెర్ గారికి,

"సందేహం ఉంటే ఆ మనిషినే అడుగు" అని కొత్త వాక్యం చేర్చాను. మీ తలుపు సంగతి ఇక తేలిపోతుంది.

నా సంగతి ఇంకా తేలలేదు. నన్ను తీసుకున్నది పరీక్ష మీద. మా ఆఫీసు పెద్ద ఒక గడ్డం కుర్రాడు. అతను అనడం, నేను వివరణలు రాయడం లేదట, నవలలు రాస్తున్నానట. నవంబరు మొదట్లో పెట్టుబడిదారులు వస్తారు. ఆ రోజు చూసి నన్ను ఉంచాలో పంపాలో చెబుతాడు.

ఫోను లైను సంగతి. అంపారోతో నేను అదే లైనులో గంటసేపు మాట్లాడాను. ఆమె ఊపిరి పీల్చడం కూడా వినిపించింది. కనుక లోపం లైనులో లేదు, మీ మనసులో ఉంది. ఇరవై ఏళ్ళు స్టూడియో అద్దానికి ఇటు నేనూ అటు మీరూ కూర్చుని పనిచేశాం. ఇష్టం లేకపోతే ఆ మాట చెప్పేయవచ్చు. ఇక ఫోను చెయ్యను.

నొయెమీ

తా.క. ఏమీ లేదు.

హెరికో, అక్టోబరు 14

నొయెమీ గారికి,

ముందు యంత్రం సంగతి చెబుతాను. రెండోది చెప్పడానికి కొంచెం ధైర్యం కూడగట్టుకోవాలి.

మీ కొత్త వాక్యం వచ్చినప్పటినుంచి అది అందరినీ అడుగుతోంది. "తలుపు గురించి మీ అమ్మగారి మీద వేసిన ఒట్టు నిజమైనదేనా?" అని ఎర్నాన్‌ను అడిగింది. వాళ్ళమ్మ పక్కనే ఉంది. సాయంత్రానికి తలుపు వచ్చింది.

మరునాడు ఒక్తావియోను అడిగింది, అదీ కమిటీ అందరూ చూసేచోట: "నిన్న మీరు 'నువ్వు లేకపోతే ఈ కొండల్లో నాకు పొద్దు గడవదు రోసాల్బా' అన్నారు. ఇది నాటకమా, పనా?" నాటకంలో ఆ అమ్మాయి పేరు లియొనోర్ కదా. ఈయన నోట రోసాల్బా వచ్చింది. మనుషులెవరూ పట్టించుకోలేదు, యంత్రం పట్టుకుంది. ఒక్తావియో ఆ రోజంతా షాపు మూసేశాడు. మాత్రలు దొరక్క దోన్ సెవేరో కంగారుపడ్డాడు. మర్నాడు ఉదయం జవాబిచ్చాడు: "పని. గడువు లేదు." వెనకే రోసాల్బా రాసింది: "గడువు పెట్టమనండి."

ఇక రెండోది. లోపం లైనులో లేదు. మీరన్నది నిజం. కానీ నా మనసులోనూ లేదు, చెవుల్లో ఉంది. కుడిచెవి రెండేళ్ళనాడే పోయింది. ఎడమది కిందటి క్రిస్మస్‌కు వెళ్ళిపోయింది. అంపారోకు తప్ప ఊళ్ళో ఎవరికీ తెలియనివ్వలేదు. ఎదురుగా ఉంటే పెదవులు చూసి లాక్కొస్తాను. ఫోనుకు పెదవులుండవు కదా. మీరు ఏం చెబుతున్నారో తెలియక, మంచి కబురే అయ్యుంటుందని సంతోషించాను.

రిహార్సల్లో నేను పక్క తెర వెనక ఉంటాను. నటులు జనంవైపు తిరుగుతారు, నాకు వాళ్ళ వీపులే కనిపిస్తాయి. మాట ఎక్కడిదాకా వచ్చిందో తెలియదు. మొన్న గుర్రం వెళ్ళిపోయాక డెక్కలు వాయించాను. నాటకం మానేద్దామనుకుంటున్నాను. శబ్దాల మేస్త్రీకి వినపడదని చెప్పుకోవడంకంటే నడుం పట్టేసిందని చెప్పడం తేలిక.

ఎలియేసెర్

తా.క. మీ గొంతు మాత్రం ఇంకా వినిపిస్తుంది, లోపల. ఎక్కువగా తిడుతూ ఉంటుంది.

మెదెయీన్, అక్టోబరు 21

ప్రియమైన ఎలియేసెర్ గారికి,

క్రితం ఉత్తరం చించేయండి. అది మీకు రాసింది కాదు, మీరని నేననుకున్న ఇంకెవరికో రాసింది.

కారిడారులో అడుగుల చప్పుడు విని, ఎవరు వస్తున్నారో, జీతం అందుకున్నారో లేదో కూడా చెప్పేవారు మీరు. ఒకసారి నేను ఏమీ చెప్పకుండానే, "ఏమ్మా, చెప్పుకు మేకు దిగిందా, మనసులో ఏదైనా దిగిందా?" అని అడిగారు. రెండూ దిగాయి ఆ రోజు. ఇవన్నీ తలుచుకుంటూ బస్సులో ఏడుస్తుంటే పక్కనున్నాయన దిగబోతూ నాకు జేబురుమాలు ఇచ్చి వెళ్ళాడు.

మానడం మాత్రం కుదరదు. కొత్త పనిముట్టు ఒకటి చేయించాను. అంపారో ఫోను స్టేజీ మీద మాటలు వింటుంది. మీ చొక్కా జేబులో ఇంకో ఫోను ఉంటుంది. మాట రాగానే అది అదురుతుంది. తలుపుకు ఒకసారి, గుర్రానికి రెండుసార్లు, ఉరుముకు ఆగకుండా. దాని వివరణ నేనే రాశాను, ఏ అక్షరమూ ఎవర్నీ ముట్టనివ్వలేదు:

"ఈ పనిముట్టు ఒక పెద్దాయన జేబులోని ఫోనును అదిరిస్తుంది. ఆయన చెవులతో కాక దీనితోనే నాటకం వింటాడు. స్క్రిప్టులో శబ్దానికి ముందున్న మాట పూర్తయ్యాకే వాడు. నటుడు మాట మరిచిపోతే ఆగు, తొందరపెట్టకు. ఆ శబ్దం అప్పటికే వినిపించి ఉంటే మళ్ళీ అదిరించకు. ఒక తలుపు రెండుసార్లు పడితే జనం నవ్వుతారు, ఆయన్ను చూసి ఎవరూ నవ్వకూడదు."

గడ్డం కుర్రాడు చదివాడు. "పెద్దాయన ఎవరు?" అని మాత్రం అడిగాడు. మీ నాటకం రోజే వాళ్ళ పెట్టుబడిదారులు వస్తున్నారు, నేను రాలేను.

మీ నొయెమీ

తా.క. పొరపాటున మొదటిసారి నా నంబరు పెట్టాను. మీటింగులో నా జేబు ఉరిమింది. లేచి బల్ల చరిచేశాను. నేను చెప్పినదానికి అందరూ ఒప్పుకున్నారు.

హెరికో, నవంబరు 5

నొయెమీ గారికి,

నాటకం అయిపోయింది. అంతా వరసగా రాస్తాను, మధ్యలో తిట్టకుండా చదవండి.

మధ్యాహ్నం నుంచి వాన. హాలు నిండిపోయింది, గుమ్మం బయట నిలబడ్డవాళ్ళు తడిసినా కదల్లేదట. జేబులో ఒకసారి అదిరింది, తలుపు వేశాను. రెండుసార్లు అదిరింది, కొబ్బరిచిప్పలు వాయించాను. రోసాల్బా వీపు ఉలిక్కిపడింది. సరిగ్గా పడిందని దాన్ని బట్టే తెలిసింది. నొయెమీ గారూ, చాలా రోజుల తర్వాత నా చేతులు నన్ను అడక్కుండా పనిచేశాయి.

చివరి అంకంలో మీ లియొనోర్ సెవేరోను శపిస్తుంది కదా, "నాకు ఆకాశమే సాక్షి" అని. అక్కడ ఉరుము పడాలి. ఊపితే ఉరిమే ఇనపరేకు రెండు చేతుల్తో పట్టుకుని సిద్ధంగా ఉన్నాను. జేబు అదరలేదు. ఇంకా మాట రాలేదేమో అనుకున్నాను. చూస్తుండగానే ఉంబెర్తో మోకాళ్ళ మీద పడిపోయాడు. అతను పడేది ఉరుము విన్నాకే. మాట వెళ్ళిపోయింది, నా చేతిలో రేకు అలాగే ఉంది. నాటకం మొత్తానికీ ప్రాణమైన శబ్దం అది. రేకు నేలమీద ఆనించి, టోపీ తీసుకుని, వెనక తలుపు వైపు నడిచాను.

అంపారో వచ్చి చెయ్యి పట్టుకుని స్టేజీ మీదికి లాక్కెళ్ళింది. చూస్తే జనమంతా లేచి నిలబడి ఉన్నారు, నా వైపే చూస్తూ చప్పట్లు కొడుతున్నారు. దోన్ సెవేరో ఏడుస్తున్నాడు. ఎందుకో తెలియకుండానే వంగి దణ్ణం పెట్టాను. తర్వాత అంపారో కాగితం మీద రాసి చూపించింది. సరిగ్గా ఆ మాట దగ్గర పైన నిజం ఉరుము పడిందట. కిటికీ అద్దాలు అదిరాయట. నేనే చేశాననుకున్నారు అందరూ. యంత్రమూ విన్నది, మీరు రాసినట్టే, శబ్దం అయిపోయింది కదా అని నన్ను అదిరించలేదు.

నాకు నిద్రపట్టలేదు. పొద్దున చర్చి మెట్ల దగ్గర చేరి అందరూ నా చెయ్యి పట్టుకుని ఊపుతుంటే ఇక ఆగలేకపోయాను. "ఆ ఉరుము నాది కాదు" అన్నాను. "నాకు చెవులు వినపడవు. ఏడాదిగా మీ అందరికీ దాచాను."

ఎవరూ ఉలిక్కిపడలేదు. దోన్ సెవేరో నా ఎదురుగా వచ్చి, పెదవులు బాగా కదుపుతూ, నెమ్మదిగా అన్నాడు. "మాకు తెలుసు దోన్ ఎలియేసెర్. ఏడాదిగా మీతో గొంతు చించుకుని అరుస్తున్నాం. మీరు గమనించలేదా?"

నిజంగా గమనించలేదు. ఎలా గమనిస్తాను? ఊరంతా ఏడాదిపాటు నా మొహం మీద అరిచి, నాకు వినపడుతోందని తాము నమ్ముతున్నట్టే నన్ను నమ్మించింది. అంత జాగ్రత్తగా దాచుకుంటున్నాడు, మనమెందుకు బయటపెట్టడం అనుకున్నారట.

యులియానా అంపారోకు ఫోను చేసిందట. గడ్డం కుర్రాడు పెట్టుబడిదారులకు ఇంకేమీ చూపించకుండా మీ పెద్దాయన వివరణే చదివాడట, మిమ్మల్ని ఉంచుకున్నారట. సంతోషం. ఈసారి ఏం విని సంతోషిస్తున్నానో తెలిసే అంటున్నాను.

సెలవు దొరికితే బస్సెక్కండి. ఎదురుగా కూర్చుని తిడితే అన్నీ అర్థమవుతాయి.

మీ
ఎలియేసెర్

తా.క. యంత్రం ఇవాళ కమిటీని అడిగింది: "ఉరుము పూర్తయింది. ఎవరి పేరున రాయమంటారు?" ఫాదర్ మరులాందా పైవాడి పేరు చెప్పారు. మిగతా అందరూ నా పేరు చెప్పారు. ఓట్లలో నేను గెలిచాను. అప్పటినుంచి ఫాదర్ నాతో మాట్లాడడం లేదు. లేకపోతే మాట్లాడుతూనే ఉన్నారేమో, ఆయన అటు తిరిగి ఉన్నారు.